డ్రిల్లు పీరియడ్ ఎవరిది?



టైంటేబుల్‌లో ఉండి బడిలో కనబడని పీరియడ్ ఒకటుంది. ఆటల పీరియడ్. పాతకాలం వాళ్లు డ్రిల్లు పీరియడ్ అనేవారు. జూన్‌లో అది నిక్షేపంగా ఉంటుంది. దసరా సెలవులు దాటాక పలచబడుతుంది. సంక్రాంతి వెళ్లాక లెక్కల మాస్టారు చాక్‌పీసు పట్టుకుని వచ్చి, "సిలబస్ మిగిలిపోయింది, కూర్చోండర్రా" అంటారు. పిల్లలు ఉసూరుమంటారు. మాస్టారిని తప్పుపట్టి లాభం లేదు. పైవాళ్లు ఆయన్ని అడిగేది పదో తరగతి ఫలితాల గురించే. మీ పిల్లలు ఈ ఏడాది ఎంత దూరం పరిగెత్తారని ఏ అధికారీ ఇంతవరకు అడిగినట్టు లేదు.

ఆటలు ఆరోగ్యానికి మంచివని చెప్పడానికి నేను రాలేదు. అది అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ పీరియడ్‌ను ఎవరూ కాపాడలేదు. కాబట్టి ఈ పూట ఇంకో దారిలో వస్తాను. లెక్కల మాస్టారు ఆ పీరియడ్‌ను తీసుకోవచ్చు. సైన్సు టీచరుగారు తీసుకోవచ్చు, తెలుగు మాస్టారూ తీసుకోవచ్చు. అయితే ఒక షరతు. పిల్లల్ని గదిలోకి పిలవకూడదు, మాస్టార్లే మైదానంలోకి రావాలి. పరుగు అనే ఒక్క పనిలో వాళ్ల పాఠాలు ఎన్ని ఉన్నాయో అక్కడ చూద్దాం.

మొదట ట్రాక్ గీయాలి. మీ బడి మైదానంలో 200 మీటర్ల ట్రాక్ కావాలనుకోండి. అటు 40 మీటర్లు, ఇటు 40 మీటర్లు తిన్నని దారులు. వెరసి 80. మిగిలిన 120 మీటర్లు రెండు చివర్లా రెండు అర్ధవృత్తాలుగా రావాలి. రెండు అర్ధవృత్తాలు కలిస్తే ఒక నిండు వృత్తం. వృత్త పరిధి 120 మీటర్లయితే వ్యాసార్థం ఎంత? పుస్తకంలో ఈ లెక్క వేసిన పిల్లవాడు 19.09 అని జవాబు రాసి, కింద గీత కొట్టి, మర్చిపోతాడు. మైదానంలో ఆ జవాబు ఒక తాడవుతుంది. నేలలో మేకు దిగ్గొట్టి, 19 మీటర్ల 9 సెంటీమీటర్ల తాడు కట్టి, దాని కొస పట్టుకుని ఒకరు తిరుగుతుంటే వెనకాల ఇంకొకరు ముగ్గుపిండి పోసుకుంటూ వెళ్లాలి. లెక్క తప్పితే ట్రాక్ వంకర పోతుంది. మాస్టారు ఇంటూ మార్కు పెట్టక్కర్లేదు, గీతే చెబుతుంది.

ఇప్పుడు మీటరు వెడల్పున వరసలు గీసి, పూర్తి చుట్టు పందెం పెట్టండి. రెండో వరసలో పిల్లను కాస్త ముందుకు జరిపి నిలబెడితే మొదటి వరస పిల్లవాడు ఊరుకోడు. "అదెందుకు సార్ ముందు నిలబడింది?" అని అడిగి తీరతాడు. చాలా మంచి ప్రశ్న. రెండో వరస వ్యాసార్థం మీటరు ఎక్కువ, కాబట్టి చుట్టు 6.28 మీటర్లు ఎక్కువ. ఆ పిల్లను సరిగ్గా అంత ముందు నిలబెట్టకపోతే అన్యాయం జరిగినట్టే.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా 6.28 మీటర్లే. మైదానంలో చెట్టు చుట్టూ 2 మీటర్ల వ్యాసార్థంతో ఒక గీత, 3 మీటర్లతో ఇంకో గీత గీసి కొలవండి. తర్వాత 19 మీటర్లతో, 20 మీటర్లతో కొలవండి. రెండుచోట్లా తేడా ఒకటే. ఆ లెక్కన భూమధ్యరేఖ మీద ఒకడు, నేలకు మీటరు ఎత్తున ఇంకొకడు 40 వేల కిలోమీటర్లు పరిగెత్తి భూమిని చుట్టివచ్చినా, పైవాడు ఎక్కువ పరిగెత్తేది 6.28 మీటర్లే. పిల్లలు నమ్మరు. చాలామంది పెద్దవాళ్లూ నమ్మరు. తాడు పట్టి కొలిచినవాళ్లు నమ్ముతారు. అంతర్జాతీయ పోటీల 400 మీటర్ల ట్రాక్ మీద వరస వెడల్పు 1.22 మీటర్లు. అందుకే మూడో వరస నుంచి ఒక్కొక్కరిని 7.67 మీటర్ల చొప్పున ముందుకు జరుపుతారు. టీవీలో ఒలింపిక్స్ చూస్తూ ఈ లెక్క చెప్పగల పిల్ల మీ ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వేగం పాఠానికి వద్దాం. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చాలంటే 5/18తో గుణించాలని పిల్లలంతా బట్టీ పడతారు. ఆ సూత్రంతో ఎప్పుడూ రైళ్లనే నడిపిస్తాం. వాళ్ల కాళ్లను ఒక్కసారీ నడిపించం. ఉసేన్ బోల్ట్ 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు. అంటే సెకనుకు 10.44 మీటర్లు, గంటకు దాదాపు 37.6 కిలోమీటర్లు. కానీ ఆ పందెం నడుమ అతని వేగం గంటకు 44 కిలోమీటర్లు దాటింది. పందెం మొదలైన క్షణాన సున్నా. సగటు వేగం ఒకటి, ఆయా క్షణాల్లో ఉన్న వేగం ఇంకొకటి అని తొమ్మిదో తరగతిలో నిర్వచనాలు రాయిస్తాం కదా, దాన్ని చూపించడానికి ఐదుగురు పిల్లలు, ఐదు స్టాప్‌వాచీలు చాలు. వాచీలు లేకపోతే మాస్టార్ల ఫోన్లు. ప్రతి 20 మీటర్ల దగ్గరా ఒకరిని నిలబెట్టి, అందరి వాచీలనూ ఒకేసారి మొదలుపెట్టించి, పరిగెత్తే పిల్ల తమను దాటగానే ఆపమనండి. ఐదు అంకెలు వస్తాయి. మొదటి 20 మీటర్లకు ఎక్కువ సమయం, తర్వాతి 20కి తక్కువ, చివర్లో అలసటతో మళ్లీ కాస్త ఎక్కువ. గ్రాఫు కాగితం మీద పెడితే గీత ఎక్కడ నిటారుగా లేచిందో, ఎక్కడ వాలిందో కనబడుతుంది. ఆ గీత తనదే కాబట్టి ఆ పిల్ల దాన్ని మర్చిపోదు.

వాచీలు నొక్కేటప్పుడు ఒక తకరారు వస్తుంది. నేనైతే దానికోసమే ఈ పాఠం పెట్టమంటాను. బయలుదేరే చోట పి.ఇ.టి. సారు ఈల వేస్తారు. 100 మీటర్ల అవతల గీత దగ్గర ఉన్న కుర్రాడు ఈల వినబడ్డాక వాచీ నొక్కుతాడు. శబ్దం గాలిలో సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 100 మీటర్లు రావడానికి దానికి సుమారు 0.3 సెకను పడుతుంది. ఆ మేరకు అందరి సమయమూ తక్కువ చూపిస్తుంది, అందరికీ దొంగ రికార్డే. అందుకని సారు ఈల వేస్తూనే చేతిలో రుమాలు కిందికి దించాలి, వాచీ ఉన్నవాళ్లు రుమాలు చూసి నొక్కాలి. పూర్వం పోటీల్లో తుపాకీ పేల్చేటప్పుడు టైమ్‌కీపర్లు చప్పుడు కోసం ఆగకుండా పొగను చూసి వాచీ నొక్కేవారు. ఇప్పుడు పెద్ద పోటీల్లో ప్రతి రన్నరు వెనకా ఒక స్పీకరు పెడతారు, చప్పుడు అందరికీ ఒకేసారి అందాలని.

ఇంత పట్టింపు ఎందుకంటారా? పి.టి. ఉషను అడగాలి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41 సెకన్లు, మన ఉష 55.42. కాంస్య పతకం కొజొకారుకు వెళ్లింది. సెకనులో నూరో వంతు తేడా. ఉష సగటు వేగంతో లెక్కేస్తే ఆ నూరో వంతులో ఆమె పరిగెత్తేది 7 సెంటీమీటర్లు, జానెడులో మూడో వంతు. అదే నూరో వంతులో శబ్దం 3 మీటర్ల 40 సెంటీమీటర్లు వెళుతుంది. దశాంశ స్థానాలు చెప్పేటప్పుడు రెండో స్థానం దేనికి సార్ అని ఏ పిల్లవాడైనా అడిగితే ఈ కథ చెప్పండి. ఇక్కడ పెద్ద అంకె ఉన్నవారు ఓడిపోయారని కూడా గుర్తుచేయండి, అయిదో తరగతి పిల్లలకు అది ఓ పట్టాన మింగుడుపడదు.

మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ కథలో గాలి ఉంది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను ఆమె 13.09 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. కానీ ఆ సమయాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో ఆమె రికార్డు రాసింది. ఆ తర్వాతి ఏడాది చెంగ్డూలో 12.78కి దింపింది. గాలి సాయమెంత, మనిషి సత్తువ ఎంత అని విడదీసి చూడడమే కదా సైన్సు ప్రయోగమంటే. మీ మైదానంలో గాలి వీచే రోజున ఒకే పిల్లను గాలితో ఒకసారి, ఎదురుగాలికి ఒకసారి పరిగెత్తించి చూడండి. మధ్యలో తగినంత విశ్రాంతి ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ తేడా గాలి వల్లో, అలసట వల్లో తెలియదు. ఈ మాట పిల్లల నోటినుంచే వచ్చేదాకా ఆగగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు వింటున్నవాళ్లంతా నాకోసం ఒక చిన్న పని చేయండి. ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి కిందుగా, కుడిచేతి రెండు వేళ్లు ఆనించండి. నాడి తగులుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అదే నిమిషానికి మీ గుండె కొట్టుకునే లెక్క. పిల్లలు ఈ లెక్కను పరుగుకు ముందు ఒకసారి, ఆగిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత నిమిషానికోసారి ఐదు నిమిషాలపాటు రాసుకోవాలి. జట్లుగా కూర్చుని ఒకరి నాడి ఒకరు చూస్తే ఇంకా సందడిగా ఉంటుంది. గుండె ఎంత ఎగిసిందన్నది ఒక సంగతి, ఎంత త్వరగా నెమ్మదించిందన్నది అసలు సంగతి. రెండు నెలలు క్రమంగా పరిగెత్తాక మళ్లీ చూస్తే చాలామందికి ఆ నెమ్మదించే సమయం తగ్గుతుంది. పందెంలో చివర వచ్చిన పిల్లకూ తగ్గుతుంది. ఆమె ఎవరినీ ఓడించలేదు, అయినా తన పాత అంకెను గెలిచింది.

చెమట సంగతి కొంచెం చెప్పి ముందుకు వెళతాను. చెమట ఆరేటప్పుడు ఒంట్లో వేడిని లాక్కుపోతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే. ఇది ఏడో తరగతి పిల్లలకూ తెలుసు. మరి ఎండ ఒకే డిగ్రీలున్నా కాకినాడలో పరిగెత్తితే అనంతపురంలో కంటే ఎక్కువ ఉక్కిరిబిక్కిరి అవుతామెందుకు? సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే గానీ ఆరదు. ఒంటి వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. సైన్సులో బాష్పీభవనం, సోషల్‌లో శీతోష్ణస్థితి అని రెండు పుస్తకాల్లో విడివిడిగా చదివిన ముక్కలు చొక్కా తడిసినప్పుడు ఒకటవుతాయి.

ఇక భూగోళం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగమిది. గోదావరి పొడవు 1465 కిలోమీటర్లని ప్రతి పిల్లవాడూ రాస్తాడు. 1465 కిలోమీటర్లంటే ఎంతో ఎవరికీ తెలియదు. తరగతిలో నలభైమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు రోజుకు 800 మీటర్లు, అంటే మన 200 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. అందరివీ కలిపితే 32 కిలోమీటర్లు. గోడకు నది పటం తగిలించి, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో గుండుసూది గుచ్చి, రోజూ 32 కిలోమీటర్ల చొప్పున దాన్ని జరపండి. తరగతి మొత్తం గోదావరి వెంట పరిగెడుతుందన్నమాట. పైఠాన్, నాందేడ్ దాటి, కందకుర్తి దగ్గర మంజీర కలిసేచోట తెలంగాణలో అడుగుపెడతారు. ఆ తర్వాత బాసర, ధర్మపురి. కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి కలుస్తుంది. భద్రాచలం దాటి కూనవరం చేరితే శబరి. అక్కడి నుంచి పాపికొండల సందున రెండు రోజులు.

సూది ఏ ఊరు చేరితే ఆ రోజు ఆ ఊరు పాఠం. ఏ రోజైనా ఆరుగురు బడికి రాకపోతే సూది 27 కిలోమీటర్ల చిల్లర దగ్గరే ఆగుతుంది. వాళ్లకు జ్వరమా, నాట్లకు వెళ్లారా అని ఆరా తీయడం తోటిపిల్లల పనవుతుంది. నది పుట్టేచోట సముద్రమట్టానికి ఎత్తు సుమారు 1067 మీటర్లు. దాన్ని పొడవుతో భాగిస్తే కిలోమీటరుకు సగటున మీటరు వాలు కూడా లేదు. మరి పైన ఉరకలెత్తే నది కోనసీమలో మందగమనంతో ఎందుకు పారుతుంది? సగటు అనేది అసలు సంగతిని దాచేస్తుందని ఉసేన్ బోల్ట్ దగ్గర చెప్పుకున్నామే, అదే ఇక్కడా. ధవళేశ్వరం చేరినరోజు కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్ట కథ చెప్పుకోవచ్చు. అక్కడ నది పాయలుగా చీలుతుంది కాబట్టి గౌతమి వెంట వెళ్లాలా, వశిష్ఠ వెంట వెళ్లాలా అని తరగతిలో ఓటింగు పెట్టండి. వశిష్ఠకు ఓటేస్తే అంతర్వేది. ఒక్కరూ మానకపోతే 46వ రోజున సముద్రం చేరతారు. కృష్ణాతీరం బడులవాళ్లు మహాబలేశ్వరం నుంచి హంసలదీవికి బయలుదేరండి, సుమారు 1400 కిలోమీటర్లు. ఈ పరుగులో ముందు వచ్చినవారెవరో, వెనక వచ్చినవారెవరో సూదికి తెలియదు. బొద్దుగా ఉన్న పిల్లవాడు నడుస్తూ చేసిన నాలుగు చుట్లకూ అదే 800 మీటర్లు.

తెలుగు మాస్టారికి ఏం మిగిల్చాననుకుంటున్నారేమో. పరుగు మరీ ఎక్కువైందో, సరిపోయిందో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. పరిగెడుతూ మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట తెగిపోతుంటే తగ్గించుకోవాలి. వేమన పద్యం ఒకటి అందుకోమనండి. పాదం పాదం ఊపిరి తెగకుండా వస్తే ఆ వేగంతో చాలాసేపు పరిగెత్తవచ్చు. ఆటవెలది నడక, అడుగుల నడక కలిసిపోతుంటే గణవిభజన భయం కూడా కొంత వదులుతుంది.

ఇంకొకటి రేడియోవాళ్లకు బాగా తెలిసిన విద్య. పందెం జరుగుతుండగా సగంమంది పిల్లలు కళ్లు మూసుకోవాలి, ఒకరు చూస్తూ చెప్పాలి. ఎవరు ముందున్నారు, ఎవరు అందుకుంటున్నారు, గీత ఇంకెంత దూరముంది. కళ్లు మూసుకున్నవాళ్లకు పందెం కనబడితే చెప్పినవాడు పాసు. "బాగా పరిగెడుతున్నారు, చాలా బాగా పరిగెడుతున్నారు" అంటే ఏమీ కనబడదని రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. వ్యాసరచనలో మనం చెప్పలేకపోతున్నది అదే కదా.

చరిత్ర దగ్గర కాసేపు ఆగాలి. మారథాన్ కథ అందరూ విన్నదే. క్రీస్తుపూర్వం 490లో గ్రీకులు గెలిచారని చెప్పడానికి ఒకడు మారథాన్ నుంచి ఏథెన్స్‌కు పరిగెత్తి, కబురు చెప్పి ప్రాణం విడిచాడని. కానీ ఆ కాలానికి దగ్గరగా రాసిన హెరొడోటస్ ఆ మాట చెప్పలేదు. యుద్ధానికి ముందు సాయమడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టాకు, దాదాపు 240 కిలోమీటర్లు, ఒక వార్తాహరుడు పరిగెత్తాడని రాశాడు. ప్రాణం విడిచిన కథ కొన్ని వందల ఏళ్ల తర్వాతి రచయితల్లో కనబడుతుంది. ఏది నమ్మాలి, ఎందుకు నమ్మాలి? చరిత్ర పాఠమంటే ఈ ప్రశ్నే. ఆ దూరం 42.195 కిలోమీటర్లు కావడానికి గ్రీకు యుద్ధంతో సంబంధమే లేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ముగించారు. ఆ కొలతే తర్వాత ఖాయమైపోయింది.

ఆడవాళ్ల పరుగు చరిత్ర ఇంతకంటే ముఖ్యం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు 800 మీటర్ల పందెం పెట్టారు. గీత దాటాక కొందరు అలసి కూలబడ్డారు. అలసినవాళ్లు కూలబడడం మగవాళ్ల పందేల్లోనూ ఉన్నదే. కానీ ఆడవాళ్ల శరీరం దీనికి తట్టుకోదని పత్రికలు గోల చేశాయి. ఆ పందెం తీసేశారు. మళ్లీ 1960లో గానీ రాలేదు. ఉష పరిగెత్తిన 400 మీటర్ల హర్డిల్స్‌ను కూడా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు పెట్టింది 1984లోనే. ఆడవాళ్ల మారథాన్ మొదలైందీ ఆ ఏడాదే.

ఈ పాఠం చెప్పాక పిల్లల్ని మన మైదానం వైపు చూడమనండి. ఒక వారంపాటు ఆటల పీరియడ్‌లో ఏ తరగతి నుంచి ఎంతమంది అబ్బాయిలు, ఎంతమంది అమ్మాయిలు దిగారో లెక్క రాసి, గోడమీద కమ్మీ చిత్రం గీయించండి. ఆరో తరగతిలో సమానంగా ఉన్న కమ్మీలు తొమ్మిదికి వచ్చేసరికి ఎలా అయ్యాయో చూసి, ఎందుకని వాళ్లే మాట్లాడుకోనివ్వండి. మరుగుదొడ్డి లేదనవచ్చు, యూనిఫాం అడ్డమనవచ్చు, ఇంట్లో వద్దన్నారనవచ్చు. హెడ్మాస్టరు గారికి ఆ బొమ్మ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఉండనివ్వండి. మైదానం అంచున మిగిలిపోయేది అమ్మాయిలు మాత్రమే కాదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి చిన్నప్పుడు మేధో వైకల్యం ఉన్న పిల్లగా ఊళ్లో ఎగతాళి పడింది. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది ప్యారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పందేనికి పనికిరారని మనం పక్కన కూర్చోబెట్టే పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు.

ఇంత చెప్పాక నన్ను నేనే కొంచెం వెనక్కి లాక్కోవాలి. ప్రతి పరుగుకూ ఒక నోటుబుక్కు తగిలిస్తే పిల్లలు పరుగును కూడా ద్వేషిస్తారు. అలా ద్వేషించేలా చేసే సామర్థ్యం మనకు పుష్కలంగా ఉంది. వారంలో ఒక్కరోజు కొలవండి, మిగతా రోజులు ఊరికే పరిగెత్తనివ్వండి. పరుగు అంకెలను మార్కుల్లో కలపకండి. పరిగెత్తితే పరీక్షలో మార్కులు పెరుగుతాయని కూడా నేను చెప్పను. స్కాట్లండ్‌లో స్టిర్లింగ్ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్ ఎలైన్ వైలీ 2012లో పిల్లలందరినీ రోజూ పదిహేను నిమిషాలు బయట పరిగెత్తించడం మొదలుపెట్టారు. ప్రత్యేక దుస్తులు లేవు, పందెం లేదు, ఎవరి వేగం వారిది. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాల బడులకు పాకింది. 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇలా పరిగెత్తే పిల్లల దమ్ము పెరిగినట్టు, ఒంట్లో కొవ్వు తగ్గినట్టు తేలింది. అంతవరకే చెప్పుకుందాం. అది చాలదా?

హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రుల కమిటీలకు నా మనవి ఇది. రోజూ ఉదయం ప్రార్థనకు ముందు, ఎండ ముదరకుండా, పదిహేను నిమిషాలు కేటాయించండి. మైదానంలో రాళ్లు, గాజుపెంకులు ఏరించండి. తాగడానికి నీళ్లు దగ్గర పెట్టండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పిల్లల విషయంలో డాక్టరు మాట తీసుకోండి. వాళ్లు వాచీ పట్టుకోవచ్చు, సూది జరపవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక తాడు, ఒక మేకు, ముగ్గుపిండి, గోదావరి పటం. ఈ సోమవారమే మొదలుపెట్టండి.